కాస్మెటిక్ డెంటిస్ట్రీ పోస్టర్ పోటీకి ఫ్లోరోసిస్ కేసు పెట్టొచ్చా? సలహా కావాలి

మర్రిగూడ_బీడీఎస్:
అందరికీ నమస్తే. నేను బీడీఎస్ ఫైనలియర్. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. రెండు నెలల్లో స్టూడెంట్ కాన్ఫరెన్స్ ఉంది, అందులో కాస్మెటిక్ డెంటిస్ట్రీ విభాగంలో పోస్టర్ పోటీ. అబ్‌స్ట్రాక్ట్ 250 పదాల్లో పంపాలె, ఇంకా 20 రోజులే ఉన్నయ్.

మా బ్యాచ్‌ల అందరూ వినీర్స్, స్మైల్ డిజైనింగ్, గమ్మీ స్మైల్ తీసుకున్నరు. నేను ఫ్లోరోసిస్ పళ్ళ (చిన్నప్పుడు తాగిన నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఎక్కువై మచ్చలు పడ్డ పళ్ళు) మీద చేస్త అంటే ఒక సీనియర్ "అది పబ్లిక్ హెల్త్ టాపిక్, కాస్మెటిక్‌ల పెడితే జడ్జిలు చూడను కూడా చూడరు" అన్నడు. అప్పటి నుంచి మనసు ఒక దగ్గర నిలుస్తలేదు.

నా దగ్గర ఉన్నది ఒక్క కేసు. 19 ఏండ్ల డిగ్రీ అమ్మాయి, మా పక్క మండలమే. పై ముందు పళ్ళు నాలుగింటి మీద గోధుమరంగు మచ్చలు, వాటి చుట్టూ సున్నం పూసినట్టు తెల్ల చారలు. ఓపీలో పేరు అడిగినా చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకునే చెప్పింది. పీజీ మేడమ్ చూస్తుండగా మైక్రోఅబ్రేషన్ (యాసిడ్ ముద్దతో రుద్ది మచ్చ ఉన్న సన్నటి పైపొర తీసుడు) చేసిన, తర్వాత రెండు వారాలు ఇంట్ల రాత్రిపూట ట్రే పెట్టుకొని బ్లీచింగ్. మచ్చలు చాలావరకు పోయినయ్. ఫోటోలు ఉన్నయ్. ఇది పోస్టర్‌కు పనికొస్తదా? మా అమ్మకు, నాకు కూడా అవే మచ్చలు. అందుకే ఈ టాపిక్ వదలబుద్ధి అయితలేదు.

కన్స్_పీజీ_బెజవాడ:
చెల్లీ, పెట్టొచ్చు. ధైర్యంగా పెట్టు. పంటి రంగు బాగుచేయడం కాస్మెటిక్ డెంటిస్ట్రీ కాకపోతే మరేంటి? నువ్వు చేసిన మైక్రోఅబ్రేషన్ చరిత్రే చూడు. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో ఫ్లోరోసిస్ మరకలు తీయడం వందేళ్ళ కిందటే మొదలైంది. 18 శాతం యాసిడ్, ప్యూమిస్ (మెత్తటి రాతి పొడి) కలిపి రుద్దే పద్ధతిని క్రోల్, కావనా 1986లో ప్రచురించారు. ట్రే పెట్టి రాత్రిపూట 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్‌తో బ్లీచింగ్ చేయడం హేవుడ్, హేమన్ 1989లో రాశారు. రెండూ కాస్మెటిక్ డెంటిస్ట్రీ పుస్తకాల్లో ముందు వరసలో ఉండే సంగతులే.

ముందు నాకో సంగతి చెప్పు. నీ పోస్టర్ అడుగుతున్న ప్రశ్న ఏంటి? "ఒక కేసు చేశాను, బాగా వచ్చింది" అన్నది ప్రశ్న కాదు. ఒక పోస్టర్‌కి ఒక్క ప్రశ్నే ఉండాలి. అది దొరికితే మిగతాదంతా దానికదే కుదురుకుంటుంది.

పొదిలి_మాస్టారు:
నేను డాక్టర్ని కాను. రిటైరైన స్కూల్ టీచర్ని, మా అమ్మాయి డెంటల్ చదువుతుంటే ఇక్కడికి వచ్చి చదువుతుంటాను. మీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

మన దేశంలో ఈ జబ్బు గురించి మొదట వైద్య పత్రికకెక్కింది మా ప్రాంతమే. షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గురించి రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళాయి. అంటే మా తాతల కాలం నుంచీ ఉన్న బాధ ఇది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ప్రార్థన అయ్యాక పిల్లల్ని వరసలో నిలబెట్టి గోళ్ళు, పళ్ళు చూసేవాళ్ళం. పళ్ళు గారపట్టి ఉంటే "తోముకోకుండా వచ్చావా" అని అరచేతి మీద బెత్తంతో కొట్టేవాణ్ణి. ఒక పిల్ల మర్నాడు ఇటుక పొడితో రుద్దుకుని వచ్చింది, చిగుళ్ళు రక్తం కారుతున్నాయి. అయినా పళ్ళు అలాగే ఉన్నాయి. అవి పైన పట్టిన గార కాదనీ, పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడ్డ మచ్చలనీ నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. అమ్మా, మీ పోస్టర్‌లో ఎక్కడో ఒక చోట "ఇది తోముకోకపోవడం వల్ల వచ్చింది కాదు" అని రాయండి.

డల్లాస్_డెంటిస్ట్:
మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

నేను ఆంధ్రాలో బీడీఎస్ చేసి ఇక్కడ ప్రాక్టీస్ చేస్తున్నాను. చెల్లీ, మీ సీనియర్‌కి ఇది చెప్పు. అమెరికాలో ఫ్లోరైడ్ కథ మొత్తం మొదలైందే పళ్ళ రంగు దగ్గర. ఫ్రెడరిక్ మెక్కే అనే కుర్ర డాక్టరు 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌లో క్లినిక్ పెట్టాడు. ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామందికి మచ్చల పళ్ళు. జనం దానికి "కొలరాడో బ్రౌన్ స్టెయిన్" అని పేరు పెట్టుకున్నారు. పంది మాంసం వల్లనీ, పాలు మంచివి కావనీ ఏవేవో కారణాలు చెప్పుకునేవారు. మనం ఇప్పటికీ కావిటీ క్లాసిఫికేషన్‌లో చదువుకునే జి.వి. బ్లాక్ 1909లో అక్కడికొచ్చి ఆయనతో కలిసి పనిచేశాడు. నీళ్ళలో ఉన్నది ఫ్లోరైడ్ అని 1931లో తేల్చింది చర్చిల్ అనే కెమిస్టు. మెక్కే మొదట మచ్చ చూశాడు, నీళ్ళలోని ఫ్లోరైడ్ సంగతి తేలింది 30 ఏళ్ళ తర్వాత. అందం వేరు, ఆరోగ్యం వేరు అని గీత గీయడం ఈ జబ్బు విషయంలో కుదరదు.

కానీ ఇదంతా పోస్టర్‌లో పెట్టకు. ఒక్క వాక్యం చాలు. జడ్జి అడిగితే చెప్పడానికి దగ్గర ఉంచుకో.

స్మైల్_స్టూడియో_వైజాగ్:
టాపిక్ మంచిదే కానీ టెక్నిక్ పాతది. రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ (మచ్చలోకి పల్చటి రెసిన్ ఇంకించడం) చేసి ఉంటే బాగుండేది. దానికి వాడే ఐకాన్ కిట్ వచ్చి 15 ఏళ్ళు దాటింది, జడ్జిలు కొత్తదనం చూస్తారు. ఇంకా టైముంది కదా, ఒక కిట్ తెప్పించి ఇంకో పేషెంట్‌కి చేయి.

కన్స్_పీజీ_బెజవాడ:
వైజాగ్ అన్నా, ఇక్కడ నేను ఒప్పుకోను. ఐకాన్ తెల్ల మచ్చ మీద బాగా పనిచేస్తుంది. గోధుమరంగు మరకని అది తీయదు, దానికి మైక్రోఅబ్రేషనో బ్లీచింగో ముందు కావాల్సిందే. ఈ అమ్మాయికి ఉన్నవి గోధుమరంగు మచ్చలు. పేషెంట్‌కి ఏం కావాలో అది చేశారు, పోటీకి ఏం కావాలో అది కాదు. పైగా ఫైనలియర్ పిల్ల పోటీ కోసం కిట్ కొని, దానికి తగ్గ పేషెంట్‌ని వెతుక్కోవడం మంచి పద్ధతి కాదు. పేషెంట్ ముందు, మెటీరియల్ తర్వాత.

స్మైల్_స్టూడియో_వైజాగ్:
గోధుమరంగు సంగతి నిజమే, నేను తెల్ల చారల గురించి ఆలోచించి రాశాను. పేషెంట్ ముందు అన్నది కూడా ఒప్పుకుంటున్నాను. చెల్లీ, ఫోటోల వర్ణన ఇక్కడ పెట్టు. ఎప్పుడు తీశావు, ఎలా తీశావు? ముఖం, పేరు ఏదీ వద్దు.

మర్రిగూడ_బీడీఎస్:
ముందు ఫోటో: ఓపీ కుర్చీల, పైన లైటు ఆన్, ఫోన్‌తో తీసిన. పెదాలు చేత్తో పట్టుకున్న. తర్వాతి ఫోటో: మైక్రోఅబ్రేషన్ అయినంక రబ్బర్ డ్యామ్ (ఉమ్మి తగలకుండ పంటి చుట్టూ కప్పే రబ్బరు షీటు) తీయంగనే, మా మేడమ్ కెమెరాతో, రింగ్ ఫ్లాష్ పెట్టి. బ్లీచింగ్ అయినంక మళ్ళ ఫోన్‌తోనే తీసిన. రబ్బర్ డ్యామ్ తీసినప్పటి ఫోటోల పళ్ళు మెరుస్తున్నయ్, అదే పెద్దగ పెడదాం అనుకున్న.

కన్స్_పీజీ_బెజవాడ:
ఆ మెరిసే ఫోటో వాడకు, దయచేసి. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు. జడ్జి అడిగే మొదటి ప్రశ్న ఇదే అవుతుంది.

పన్ను ఆరిపోతే తెల్లబడుతుంది. గంటసేపు రబ్బర్ డ్యామ్ కింద ఉన్న పన్ను ఉమ్మి తగలక ఎండిపోతుంది. ఎనామెల్ (పంటి గట్టి పైపొర) వక్రీభవన గుణకం, అంటే వెలుగును వంచే కొలత, సుమారు 1.62. దాని సన్నని రంధ్రాల్లో నీరుంటే ఆ నీటిది 1.33. నీరు ఆరి గాలి చేరితే అది 1.00. తేడా పెరిగేకొద్దీ వెలుగు ఎక్కువగా చెదురుతుంది, పన్ను సున్నపు రాయిలా కనిపిస్తుంది. కావాలంటే నీ పన్ను మీదే చూసుకో. పెదవి పైకెత్తి రెండు నిమిషాలు నోటితో గాలి పీల్చి అద్దంలో చూడు, నీ తెల్ల చారలు ఇంకా స్పష్టంగా తేలతాయి. (ఐకాన్ చేసే పని కూడా ఇదే. ఆ రంధ్రాల్లో 1.52 ఉన్న రెసిన్ నింపుతుంది, తేడా తగ్గి మచ్చ చుట్టూ ఉన్న ఎనామెల్‌లో కలిసిపోతుంది.)

అంటే నీ రెండో ఫోటోలో ఉన్న తెలుపులో కొంత నీ చికిత్సది, కొంత ఎండిపోవడానిది. ఏది ఎంతో ఎవరూ చెప్పలేరు. అదీకాక ఒకటి ఫోను, ఒకటి కెమెరా. ఒకటి కుర్చీ లైటు, ఒకటి ఫ్లాష్. అమ్మాయిని మళ్ళీ పిలిపించు. బ్లీచింగ్ ఆపాక రెండు వారాలు గడవాలి, రంగు అప్పటికి కుదుటపడుతుంది. తడి పళ్ళ మీద, కుర్చీ లైటు ఆపేసి, పెదాలు పక్కకి పట్టే రిట్రాక్టర్ పెట్టి, వీటా షేడ్ ట్యాబ్ (పంటి రంగు పోల్చే నమూనా) పంటి పక్కన పట్టుకుని తీయి. ఓపీ ఫోటో బాగాలేకపోయినా అదే పెట్టు, దాని కింద "ఫోన్ ఫోటో, ఓపీ లైటు" అని రాయి. దాచడం కన్నా చెప్పడం నయం.

పబ్లిక్_హెల్త్_మేడమ్:
కన్స్ పీజీ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. అమ్మా, ఫ్లోరోసిస్ తీవ్రత కొలవడానికి నువ్వు ఏ ఇండెక్స్ వాడావు? డీన్స్ ఇండెక్స్ అయితే పళ్ళు ఆరబెట్టకుండా చూస్తారు. థైల్‌స్ట్రప్, ఫెయర్‌స్కోవ్ 1978లో ఇచ్చిన టీఎఫ్ ఇండెక్స్‌కి ఆరబెట్టి చూడాలి. నీ పోస్టర్‌కి టీఎఫ్ సరిపోతుంది. అది 0 నుంచి 9 దాకా ఉంటుంది, ఎనామెల్ ఎంత లోతుగా దెబ్బతిందో చెప్తుంది. స్కోరు 4 వరకు ఉపరితలం చెక్కుచెదరదు, 5 నుంచి గుంటలు మొదలవుతాయి. గుంటలు పడ్డ పంటిని రుద్ది బాగుచేయలేం, పంటి రంగు ఫిల్లింగ్ (కాంపోజిట్) గానీ పైన అతికించే పల్చటి పెంకు (వినీర్) గానీ కావాలి. అంటే స్కోరును బట్టే చికిత్స. నీ ప్రశ్న అక్కడే ఉంది చూడు: "గుంటలు పడని ఫ్లోరోసిస్‌కి, డ్రిల్లింగ్ లేకుండా, మామూలు కాలేజీ ఓపీలో దొరికే సామానుతో ఎంతవరకు రంగు మార్చగలం?"

ఇక అనుమతి పత్రం. చికిత్సకి తీసుకున్న సంతకం పోస్టర్‌కి చెల్లదు. ఫోటో ప్రదర్శనకి విడిగా, తెలుగులో రాసిన పత్రం మీద సంతకం తీసుకో, చదివి వినిపించు. ఒక్క కేసు రిపోర్టైనా మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ నియమం ఏంటో గైడ్‌ని అడుగు. రేపు పిల్లల మీద ఏదైనా చేయాలనుకుంటే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చదువు. తల్లిదండ్రుల అనుమతి ఒక్కటే చాలదు, ఏడేళ్ళు దాటిన పిల్లవాడి అంగీకారం కూడా కావాలి.

మర్రిగూడ_బీడీఎస్:
మేడమ్, ఆ ప్రశ్న చదివినంక నాకు నిద్ర పట్టింది. నాలుగు పళ్ళు మళ్ళ చూసిన. మొదటి ఫోటోల రెండింటికి టీఎఫ్ 3, రెండింటికి 4. మా గైడ్ మేడమ్ కూడా అదే స్కోరు ఇచ్చింది, నా స్కోరు చూడకుండ విడిగ ఇచ్చింది.

అమ్మాయికి ఫోన్ చేసిన. వస్త అన్నది కానీ ఫోటో మాట ఎత్తంగనే గొంతు మారింది. "అక్కా, ఇంట్ల సంబంధాలు చూస్తున్నరు. నా ఫోటో బయటకొచ్చి గా పిల్లనే అని గుర్తుపడితే మా నాయన తలెత్తుకోలేడు" అన్నది. నేనేం చెప్పాలె? బలవంతం చేయబుద్ధి అయితలేదు. ఆమె వద్దంటే పోస్టర్ మానేస్త.

పబ్లిక్_హెల్త్_మేడమ్:
మానేస్తానన్నావు చూడు, ఆ మాట ముందు ఆమెకి చెప్పు. వద్దన్నా వైద్యం ఆగదని, ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చని చెప్పు. తర్వాత ఆమె ఎదురుగానే ఫోటో కత్తిరించి చూపించు, పెదాల లోపలి భాగం మాత్రమే. ముక్కు, పుట్టుమచ్చ, చున్నీ రంగు ఏదీ రాకూడదు. ఊరి పేరు వద్దు, మండలం పేరు కూడా వద్దు, జిల్లా చాలు. చూశాక ఆమే నిర్ణయించుకుంటుంది.

పోస్టర్_అన్న_తిరుపతి:
నేను మూడు పోస్టర్లు పెట్టాను, ఒకసారి ప్రైజ్ వచ్చింది, ఒకసారి ఏడుపొచ్చింది. ఆ రెండోది చెప్తాను, నీకు పనికొస్తుంది.

రాత్రి పదింటికి ఫ్లెక్స్ షాపులో ఫైల్ ఇచ్చి ఇంటికెళ్ళిపోయాను. అక్కడి డీటీపీ కుర్రాడు మంచి మనసుతోనే "పళ్ళు పచ్చగా ఉన్నాయి కదా అని కొంచెం బ్రైట్‌నెస్ పెంచాను సార్" అన్నాడు పొద్దున. ముందు ఫోటో, తర్వాత ఫోటో రెండూ తెల్లగా మెరిసిపోతున్నాయి! మళ్ళీ వేయించే టైము లేదు. జడ్జి దగ్గరగా వచ్చి చూసి "తేడా ఏది బాబూ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అందుకని, మొదట ఫోటోల భాగం మాత్రం ఏ4 కాగితం మీద అదే షాపులో, అదే మిషన్ మీద తీయించి చూడు. ఫైల్ పీడీఎఫ్‌గా ఇచ్చి "ఏదీ ముట్టుకోవద్దు" అని చెప్పి, ప్రింట్ అయ్యేదాకా పక్కనే నిలబడు. మెరిసే ఫ్లెక్స్ వద్దు, హాల్లో ట్యూబులైట్లు దాని మీద పడి పళ్ళ మీదే తెల్ల మచ్చలు కనిపిస్తాయి. మ్యాట్ కాగితం అడుగు. మూడు బై నాలుగు అడుగుల పోస్టరైతే మామూలు అక్షరం 28 పాయింట్లకి తగ్గించకు. నాలుగడుగుల దూరం నుంచి మీ అమ్మగారు కళ్ళజోడుతో చదవగలిగితే సరిపోయినట్టే.

ఇంకొకటి, "100 శాతం సక్సెస్" అని రాయకు. ఒక్క పేషెంట్‌కి శాతాలు ఉండవు. "నాలుగు పళ్ళలో గోధుమరంగు పోయింది, తెల్ల చారలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు" అని రాయి.

డల్లాస్_డెంటిస్ట్:
ఆ చివరి వాక్యం అలాగే పోస్టర్‌లోకి వెళ్ళాలి. పోనిదాని గురించి రాసిన స్టూడెంట్ దగ్గర నేనైతే ఎక్కువసేపు ఆగుతాను.

చికిత్స మెట్లు ఎలా రాస్తున్నావు? జడ్జికి అక్కడే అనుభవం తెలిసిపోతుంది.

మర్రిగూడ_బీడీఎస్:
ఇట్ల రాసిన, తప్పులుంటే చెప్పున్రి:

చిగుళ్ళకు వాజెలిన్ రాసి రబ్బర్ డ్యామ్ వేసి, ఒక్కొక్క పంటి మెడకు ఫ్లాస్‌తో ముడి. పేషెంట్‌కు, మాకు కండ్లద్దాలు. 18 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ల ప్యూమిస్ కలిపి తడి ఇసుక లెక్క ముద్ద. రబ్బర్ కప్‌తో మెల్లగ, ఒక్కసారికి పది సెకన్లు, వెంటనే నీళ్ళు. ప్రతిసారి పన్ను తడిపి చూసుడు, ఎండినప్పుడు చూస్తే మోసపోతం. ఎనిమిది సార్లకు గోధుమరంగు పోయింది, అక్కడ ఆపినం. చివరికి సోడియం బైకార్బొనేట్ పేస్టు, తర్వాత ఫ్లోరైడ్ జెల్.

ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చిన మచ్చకు మళ్ళ ఫ్లోరైడ్ జెల్ ఏంది అని మా అమ్మనే అడిగింది. పన్ను తయారయ్యే వయసుల నీళ్ళతోని రోజూ కడుపులకు పోయేది వేరే, వచ్చిన పంటి మీద కొద్దిగ పూసి తుడిచేది వేరే అని చెప్పిన.

కన్స్_పీజీ_బెజవాడ:
మెట్లు బాగున్నాయి. "ఎందుకు ఎనిమిది దగ్గర ఆపావు" అంటే, ఎనామెల్ అరుగుదల మొత్తం మీద 200 మైక్రాన్లు దాటకుండా చూసుకోవాలి కాబట్టి అని చెప్పు. మీ అమ్మగారు అడిగిన ప్రశ్న జడ్జి కూడా అడగొచ్చు, అదే జవాబివ్వు.

మర్రిగూడ_బీడీఎస్:
అమ్మాయి వచ్చింది. రెండు బస్సులు మారి, వాళ్ళ అక్కను తోడు తెచ్చుకొని. మానేస్త అన్న మాట చెప్పంగనే నవ్వింది. నా ముందట మొదటిసారి చున్నీ లేకుండ నవ్వింది. ఫోటో కత్తిరించి చూపెడితే "ఇది ఎవరిదైనా కావచ్చు" అని పత్రం మీద సంతకం పెట్టింది. తడి పళ్ళ మీద, కుర్చీ లైటు ఆపి, షేడ్ ట్యాబ్ పెట్టి తీసిన. మెరుపు లేదు. కానీ మచ్చలు లెవ్వు. అబ్‌స్ట్రాక్ట్ రాత్రే పంపిన.

పొదిలి_మాస్టారు:
సంతోషం తల్లీ. పోటీ రోజు ఏం జరిగిందో తప్పకుండా రాయండి. మా అమ్మాయి కూడా ఎదురుచూస్తోంది.

మర్రిగూడ_బీడీఎస్:
నిన్న అయిపోయింది. ప్రైజ్ రాలేదు. మొదటిది స్మైల్ డిజైనింగ్ పోస్టర్‌కు వచ్చింది, నిజంగనే బాగ చేసిన్రు.

మాట్లాడనీకె మూడు నిమిషాలు ఇచ్చిన్రు, తర్వాత ప్రశ్నలు. ఒక జడ్జి సార్ వంగి కండ్లద్దాలు పైకి పెట్టుకొని ఫోటోలే చాలాసేపు చూసిండు. "రెండోది తడి పంటి మీద తీసినవా?" అని అడిగిండు. తీసిన అంటే తలూపిండు. "మచ్చలు మళ్ళ వస్తయా?" అంటే, తీసిన పొర మళ్ళ రాదు, కానీ కింద మిగిలిన ఎనామెల్‌ల రంధ్రాలున్నయ్ కాబట్టి టీ మరకలసొంటివి పట్టొచ్చు, మా దగ్గర ఆరు వారాల ఫోటోనే ఉంది, ఆరు నెలలది లేదు అని చెప్పిన. "ఆరు నెలలది తీసినంక నాకు పంపు" అని మెయిల్ ఐడీ రాసిచ్చిండు.

మాస్టారూ, మీరు చెప్పిన మాట పెట్టిన. అన్నిటికన్న కింద, పెద్ద అక్షరాలల్ల: "ఈ మచ్చలు పళ్ళు తోముకోకపోవడం వల్ల రాలేదు." పోస్టర్ కింద నిలబడి ఇద్దరు క్యాంటీన్ ఆయాలు అది చదివి, వాళ్ళల్ల ఒకామె తన పళ్ళు నాకు చూపించింది. దేవరకొండ దిక్కట.

ఇంకొకటి చెప్పాలె. ఫోటో తీసిన రోజు అమ్మాయి అక్క తన ఎనిమిదేండ్ల కొడుకును కూడా తీసుకొచ్చింది. ముందు పళ్ళు కొత్తగ వచ్చినయ్ వానికి. నోరు తెరవమన్న. పై రెండు పళ్ళు తెల్లగ, అంచులు రంపం పండ్ల లెక్క, ఒక్క మచ్చ లేదు. వాడు పుట్టినప్పటి నుంచి ఇంట్ల తాగేది నల్లా నీళ్ళే, బోరు నీళ్ళు కాదు అని వాళ్ళ అమ్మ చెప్పింది. ఒక్క పిల్లగాన్ని చూసి ఏదీ తేల్చొద్దని నాకు తెలుసు. కానీ ఆమె అదే మండలంల బోరు నీళ్ళు తాగి పెరిగింది. వాన్ని పక్కన నిలబెట్టుకొని పెదవి మూసుకొని నవ్వుతుంటే నేను కొద్దిసేపు చేతుల గ్లోవ్స్ తీయలేకపోయిన.

మేడమ్, 8 ఏండ్ల పిల్లలను, 18 ఏండ్లు దాటినోళ్ళను ఒకే ఊర్ల టీఎఫ్‌తో చూసి, ఎవరు చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగిన్రో అడిగి రాస్తే అది చదువు అయితదా?

పబ్లిక్_హెల్త్_మేడమ్:
అవుతుంది. ఐసీఎంఆర్ వాళ్ళ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ లాంటిదానికి సరిపోయే పని, రెండు నెలల్లో అయ్యేంత ఉంది. వయసు తేడా వల్ల వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి. పెద్దవాళ్ళ పళ్ళు అరిగి ఉంటాయి, ఏళ్ళ తరబడి టీ, వక్క మరకలు పట్టి ఉంటాయి, చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారో గుర్తుండకపోవచ్చు. వాటికి ముందే దారి ఆలోచించాలి. ఒక పేజీలో రాసి ఆదివారం లోపు పంపు. ఎథిక్స్ కమిటీకి పెట్టే ముందు ఇద్దరం కూర్చుని చూద్దాం.